కన్వర్జ్ అయితే సరిపోదు

న్యూ టౌన్, కోల్‌కతా

చిన్నీ,

ప్లాంటు ఉద్యోగమా, సిమ్యులేషన్‌లో పీహెచ్‌డీయా అని అడిగావు. నీ మనసు రెండోదాని మీదే ఉందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. చెయ్యి. ఖరగ్‌పూర్ ఐఐటీ రీసెర్చ్ పార్కు మా న్యూ టౌన్‌లోనే ఉంది. ఇటు వస్తే జాదవ్‌పూర్ కూడా చూపిస్తాను, 1921లోనే కెమికల్ ఇంజనీరింగ్ చెప్పడం మొదలుపెట్టిన సంస్థ.

తెర మీద ‘కన్వర్జ్ అయింది’ అని రాగానే పొంగిపోకు. నువ్విచ్చిన సమీకరణాలు ఒకదానితో ఒకటి పేచీ పడటం లేదని మాత్రమే దానర్థం. అవి నీ పదార్థానికి వర్తిస్తాయో లేదో సాఫ్ట్‌వేర్‌కేం తెలుసు? ఇథనాల్, నీళ్ల మిశ్రమాన్ని ఆదర్శ ద్రావణం అనుకుని డిస్టిలేషన్ కాలమ్ నడుపు. పైనుంచి దాదాపు శుద్ధమైన ఇథనాల్ వచ్చేస్తుంది, ముచ్చటగా! అదే ఎన్‌ఆర్‌టీఎల్ మోడల్ పెట్టి చూడు. మామూలు పీడనంలో బరువులో సుమారు 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది, ఎన్ని ట్రేలు పెంచినా అంతే. ఏ మిశ్రమానికి ఏ మోడల్ అన్నది తేల్చుకోవడమే మన చదువులో సగం. మిగతాది మీటలు నొక్కడం.

ఇంకోటి మన విశాఖ సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ల మీదికి పాకింది. 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికను ఏ పాఠ్యపుస్తకం కంటేనైనా ముందు చదువు. లాక్‌డౌన్‌లో సరుకు ట్యాంకులో నిలవుండిపోయింది. ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ అడుగున ఉంది. అక్కడ చల్లగానే ఉంది కానీ పైభాగం వేడెక్కి పాలిమరైజేషన్ మొదలైంది. ఆ చర్య వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను మరింత తొందరపెడుతుంది. మనం ట్యాంకును ఒక డబ్బాగా గీసి, లోపలంతా ఒకటే ఉష్ణోగ్రత అని రాసేస్తాం చూడు, ఆ ఊహ ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది.

అందుకే పీహెచ్‌డీలో చేరేలోపు కొన్ని నెలలైనా ప్లాంటులో ఉండు. హల్దియా అయినా సరే, మన మల్కాపురం రిఫైనరీ అయినా సరే. నైట్ షిఫ్టు అడిగి మరీ వేయించుకో. ఏ మీటరును నమ్మకూడదో ఆపరేటర్లనే అడుగు, ఇంజనీర్లు చెప్పరు.

ఎనర్జీ వైపు వెళ్తానన్నావు కాబట్టి లిన్‌హాఫ్ పించ్ విశ్లేషణ కాగితం మీద గీసి నేర్చుకో. తర్వాత డైనమిక్ మోడళ్లు. సోలార్ కరెంటుతో హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోలైజరుకు మబ్బు పట్టినప్పుడల్లా లోడు మారిపోతుంది, దానికి స్టెడీ స్టేట్ లెక్కలు చాలవు. రాబోయే పని అంతా అక్కడే ఉందని నా అంచనా. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఖరీదుకు బెంగపడకు, డీడబ్ల్యూసిమ్ సిమ్యులేటర్ ఉచితంగానే దొరుకుతుంది.

గైడ్‌ను కలిసినప్పుడు మాత్రం ఒకటి అడుగు: మీ మోడళ్లను ఏ ప్లాంటు డేటాతో సరిచూస్తారు? ఆయన నీళ్లు నమిలితే ఇంకో ల్యాబు చూసుకో.

అక్కను, బావను అడిగానని చెప్పు.

నీ మావయ్య