విశ్రాంతి యెరుగని డిస్కు

లాప్‌టాప్ మందగించి డిస్కు ఎడతెగక తిరుగుచున్నచో పలువురు విద్యార్థులు డిస్కునే దోషిగా నెంచి ఫార్మాట్ చేయింతురు. దాచుకొన్న ప్రాజెక్టు కాస్తా పోవును. తరచుగా అసలు కొరత ర్యామ్‌ది. 4 జీబీ ర్యామ్ నిండినప్పుడు విండోస్ అందలి పుటలను డిస్కుమీది పేజ్‌ఫైలునకు తరలించి, అవసరమైనపుడు మరల తెచ్చుకొనును. 1962 నాటి మాంచెస్టర్ అట్లాస్ యంత్రమునందే ఈ పుటల ఉపాయము కలదు. కాని తిరుగుడు డిస్కునుండి సమాచారము నందుకొనుట ర్యామ్ కన్న సుమారు లక్ష రెట్లు ఆలస్యము. రాకపోకలే పనిని మింగివేయును. ‘థ్రాషింగ్’ అనబడు ఈ దుస్థితికి కారణమును పీటర్ డెనింగ్ 1968లో వివరించెను.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజరులో మెమరీ వరుసను పరిశీలింపవలెను. బ్రౌజరే అగ్రస్థానమున నుండుట పరిపాటి! దానిని మూయగానే డిస్కు శాంతించినచో ర్యామ్ పెంచుకొనిన చాలును. ర్యామ్ ఖాళీగా నున్నను డిస్కు ఆగనిచో వైరస్ తనిఖీయో, అప్‌డేటో జరుగుచుండవచ్చును. అవియు లేనిచో డిస్కే చెడుచున్నదేమోనని శంకించి, మరే ప్రయత్నమునకైనను ముందుగా ప్రాజెక్టునకు వేరొక ప్రతి తీసికొనవలెను.