కొబ్బరి చిప్పతో చిరుబొమ్మలు: పంచాయతీల కర్తవ్యము

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమయందు కొబ్బరిచెట్టు లేని పెరడు అరుదు. కాయ, పీచు, ఆకు, ఈనె అన్నియు వినియోగమునకు వచ్చుచుండగా, చిప్ప మాత్రము తరచుగా పొయ్యిలోనికో బొగ్గుబట్టీకో పోవుచున్నది. సుమారు మూడు టన్నుల చిప్ప కాలినగాని ఒక టన్ను బొగ్గు రాదు. అదే చిప్ప నేర్పుగల చేతిలో కుంకుమభరిణెగానో, చిన్న పడవగానో, హంసగానో రూపొందినచో దాని వెల తూకమునుబట్టి గాక పనితనమునుబట్టి నిర్ణయమగును.

చిప్పను ఎన్నుకొనుట

లేతకాయ చిప్ప ఎండినకొలది వంగి పగులును. ముదురుకాయ చిప్పయే పనికివచ్చును. భరిణెలకు, పడవలకు పగులులేని అరచిప్పలు కావలెను. కురిడీ కొరకు ఎనిమిది మొదలు పన్నెండు నెలలు అటకపై నిలువయుంచిన కాయల చిప్ప నిదానముగా ఎండి గట్టిపడును. కురిడీ తీయునపుడు అది ముక్కలైనను, ఆ ముక్కలు బొత్తాములకు, లోలాకులకు, బొమ్మల రెక్కలకు చక్కగా సరిపోవును.

పని విధానము

మొదట పైపీచును కత్తితో గీకివేయవలెను. ఒక రాత్రి నీటిలో నానవేసినచో కోయునపుడు పగులు తగ్గును. కాగితముపై గీసిన ఆకృతిని చిప్పపై దిద్ది, సన్నపళ్ల రంపముతో కోసి, నీడన ఆరనిచ్చి, అంచులను ఆకురాయితో అరగదీయవలెను. పిమ్మట ముతక గరుకు కాగితముతోను, తరువాత సన్ననిదానితోను రుద్దవలెను. అతుకుల సందులను చిప్పపొడి కలిపిన జిగురుతో పూడ్చవచ్చును. చివరకు కొబ్బరినూనె గుడ్డతో తుడిచినచో సహజమైన నిగనిగ వచ్చును. మూడు కన్నులున్న సగమునకు స్వల్పముగా మెరుగుదిద్దిన చాలును, కోతి ముఖము సిద్ధమగును.

సన్నని పొడి ఊపిరితిత్తులకు హానికరము. ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని ఆరుబయట పనిచేయవలెను. పసిపిల్లలను దూరముగా ఉంచవలెను.

కూలి సంగతి

ఇచట నరసాపురము లేసు పరిశ్రమ నేర్పిన పాఠమును స్మరింపవలెను. ఆ అల్లికలు విదేశములకు ఎగుమతియైనను, ఇంటిపట్టున అల్లిన స్త్రీలు కార్మికులుగా గాక గృహిణులుగానే పరిగణింపబడి, స్వల్పమైన కూలి పొందిరని మారియా మీస్ 1982లో వెలువడిన గ్రంథమున వివరించిరి. చిప్పపనికి ఆ గతి పట్టరాదు. ఒక భరిణెకు రెండు గంటలు పట్టుననుకొందము. ఎనిమిది గంటలకు నాలుగగును. ఆ నాలుగింటి వెలలో చిప్ప, జిగురు, పనిముట్ల ఖర్చు పోను మిగులునది ఆ ఊరి వ్యవసాయ కూలికి తగ్గరాదు. తగ్గినచో వెల పెంచవలెను, లేదా ఆ వస్తువును మానవలెను.

పంచాయతీ చేయదగినది

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో చిన్నతరహా పరిశ్రమలు, ఖాదీ గ్రామ కుటీర పరిశ్రమలు కలవు. కావున ఇది పంచాయతీకి పరాయిపని కాదు. మంచి చిప్పను వేరుచేసి ఒకచోట నిలువచేయించుట, గాలి వెలుతురుగల పనిచోటు చూపుట, మహిళాసంఘములకు ఉమ్మడి పనిముట్లు సమకూర్చుట, ప్రతి వస్తువునకు పట్టిన గంటలను పుస్తకమున వ్రాయించుట అనునవి సభ్యులు పూనుకొనదగిన కార్యములు. గంటల లెక్క చేతనున్న సంఘము బేరమునకు వచ్చిన వర్తకునితో ధైర్యముగా మాటలాడగలదు. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుట శ్రేయస్కరము.