తుంటిగిన్నె విరిగి అతికిన తరువాత

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో మోటారుసైకిలు ప్రమాదాల వల్లా, తాటిచెట్ల మీదినుండి పడడం వల్లా తుంటిగిన్నె విరగడం ఉన్నది. శస్త్రచికిత్సలో ప్లేట్లు, స్క్రూలు బిగించిన తరువాత ఇంటివారి ప్రశ్న ఒక్కటే: ‘మున్ముందు కీలు మార్చవలసి వస్తుందా?’

కీలు ఎందుకు చెడుతుంది?

తొడ ఎముక తల బంతి వలె, కటి ఎముకలోని పల్లం గిన్నె వలె అమరి ఉంటాయి. రెంటిపైనా నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. పగిలిన ముక్కలు సరిగా కూడకపోతే ఆ పొర ఒరుసుకొని అరిగిపోతుంది. బంతి గిన్నె నుండి తొలగితే రక్తం అందక ఎముక చచ్చిపోవచ్చు.

శాస్త్రం చెప్పినది

కటిప్రాంతపు ఎముకలు పగిలినా, నుజ్జయినా వైద్యుడు విడిచిపెట్టవలసినదేనని సుశ్రుతుడు నిదానస్థానం 15వ అధ్యాయంలో చెప్పాడు. నాడు అసాధ్యమైనది నేడు శస్త్రచికిత్సకు సాధ్యమైనది. గురుకులంలో చదివిన నేను సైతం ఇటువంటి రోగిని ఎముకల వైద్యుని వద్దకే పంపుతాను.

అమెరికాలో ఒకే శస్త్రవైద్యుని వద్ద చికిత్స పొందిన 810 మందిపై 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 20 ఏండ్లకు కూడా 79 శాతం తుంటికీళ్లు మార్పిడి లేకుండా నిలుస్తాయని అంచనా. కనుక అధైర్యం వద్దు.

ఎవరికి ముప్పు ఎక్కువ?

40 ఏండ్లు దాటినవారికి, గిన్నె వెనుక గోడ విరిగినవారికి, బంతిపై మృదులాస్థి దెబ్బతిన్నవారికి, ముక్కలు 20 మి.మీ. లేక అంతకు మించి తొలగినవారికి, అవి తిరిగి సరిగా అమరనివారికి.

పాటించవలసినవి

1. కీలు తొలగితే కొద్ది గంటలలోనే సరిచేయించాలి. నాగాయలంక నుండి విజయవాడ చేరడానికే సమయం పడుతుంది. నాటుకట్టుతో, కాపడంతో ఆలస్యం చేయరాదు.

2. తుంటిపై తైలమర్దనం కూడదు. గట్టిగా రుద్దితే కండరాలలో ఎముక పెరిగి కీలు బిగుసుకుపోవచ్చు.

3. వైద్యుడు అనుమతించే వరకు ఆ కాలిపై బరువు మోపరాదు.

4. పాలు, నెయ్యి, వరి అన్నం పథ్యం. ఉప్పు, పులుపు, కారం మితం. నల్లేరు పచ్చడి ఆహారంగా తినవచ్చు. అరిగిన కీలును అది తిరిగి ఇవ్వదు. పొగాకు పూర్తిగా మానాలి.

5. గజ్జలో నొప్పి, కుంటు, రాత్రివేళ బాధ మొదలైతే వెంటనే ఎక్స్‌రే తీయించాలి. మార్పిడులు ఎక్కువగా తొలి ఏండ్లలోనే అవసరపడతాయి; నొప్పి లేకున్నా ఆ కాలంలో పరీక్షలు మానరాదు.

మార్పిడి అవసరమైతే అది మొదటి శస్త్రచికిత్సకు అపజయం కాదు. విరిగిన గిన్నె చక్కగా అతికి ఉంటేనే కొత్త కీలుకు గట్టి ఆధారం దొరుకుతుంది.