తులం ఎంత, బుక్రా ఎప్పుడు

తాయిఫ్

అల్లుడూ,

జెద్దాలో నిన్ను ఫోర్‌మన్‌ను చేశారని అక్క ఫోన్లో చెప్పింది. కడుపు నిండింది. నీ చేతికింద బెంగాలీలు, నేపాలీలు, పాకిస్తానీలు, మనవాళ్లు ఉన్నారట. అందరికీ వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతోనే పని నడవాలి. అక్కడే జాగ్రత్త బిడ్డా. తెలియని మాటైతే ఎవరైనా అడుగుతారు. తెలుసనుకున్న మాటను ఎవరూ అడగరు.

ఇక్కడ గులాబీ కోతలు మొదలయ్యాయి. ఈ కొండమీద పూలు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. ఎండ తగిలితే వాసన ఎగిరిపోతుంది, పొద్దు పొడవకముందే కోయాలి. నేను మేస్త్రీనైన తొలి ఏడు "బుక్రా కోత" అని చెప్పి పడుకున్నాను. అందరూ తలూపారు. నా లెక్కలో అది ఫజర్ బాంగు వేళ, వాళ్లకు ఉత్త ‘రేపు’. చాయ్ తాగి వాళ్లొచ్చేసరికి తోటంతా ఎండ. తిట్టాను. తప్పు మాత్రం నాదే. ఆనాటి నుంచి బుక్రా పక్కన ఫజర్ చేర్చకుండా పని చెప్పలేదు.

తులం సంగతీ అంతే. ఇక్కడ అత్తరును తోలాల్లో కొలుస్తారు. తోలా సుమారు 11.7 గ్రాములు, దానికి 12,000 పూల దాకా పడతాయంటారు. మన జగిత్యాల బంగారం దుకాణంలో తులమంటే 10 గ్రాములే. మొన్న కొత్తగా వచ్చిన మన పిల్లవాడు ఆ తులమే మనసులో పెట్టుకుని సీసాలు నింపబోయాడు. ఈసారి తిట్టలేదు. తక్కెడ దగ్గరికి తీసుకుపోయి, ఒక తోలా తూచి చేతిలో పెట్టాను.

నీ సైటులో ఎవరో "సిమెంట్ ఖలాస్" అని కేకేస్తారు. సిమెంటు పని అయిపోయిందా, సిమెంటే అయిపోయిందా? మన ‘అయిపోయింది’లోనూ ఆ చిక్కే ఉంది. అందుకని పని మొదలుపెట్టకముందు ఐదు నిమిషాలు అందరినీ ఒకచోట నిలబెట్టు. ఆ రోజు పనికి ముఖ్యమైన రెండు మూడు మాటలు తీసుకో. "అర్థమైందా" అని అడిగితే అందరూ అయిందనే అంటారు. "ఏం చేస్తావో చేసి చూపించు" అను. తేడా కనబడితే ఏ మాటకు ఏ అర్థమో అందరూ కలిసి ఖాయం చేసుకోండి. నీ అర్థమే నెగ్గాలని పట్టుపట్టకు. అడిగినవాణ్ని నలుగురిలో చిన్నబుచ్చకు. వాడితోపాటు మిగతావాళ్ల నోళ్లూ మూతపడతాయి.

వచ్చే జుమ్మాకు కొండెక్కి రా, కోత చూద్దువు. పొద్దున్నే వస్తానని మాత్రం రాయకు, ఎన్ని గంటలకో రాయి.

మీ మామ