కాల్చిన పలకల గోడ

చెక్క కాలితే పాడైపోతుంది కదా! మరి ఇంటి గోడలకు బయట బిగించే పలకలను జపాన్‌లో కావాలనే కాలుస్తారంటే నమ్ముతారా? ఈ పద్ధతి పేరు ‘యాకిసుగి’. ‘యాకి’ అంటే కాల్చిన. ‘సుగి’ అక్కడి ఒక చెట్టు.

మూడు పొడవైన పలకలను అంచులు కలిపి, గొట్టంలా కట్టి నిలబెడతారు. అడుగున నిప్పు పెడితే, వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తూ మంటను వెంట లాక్కుపోతుంది. కొద్ది నిమిషాల్లో లోపలి ముఖాలు నల్లబడతాయి. వెంటనే విడదీసి నీళ్లు పోస్తారు. ఆలస్యమైతే మిగిలేది బొగ్గే!

కాల్చడం వల్ల లాభమేమిటి? చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాలకూ చెదపురుగులకూ ఆహారం అందులోని సెల్యులోజ్ వంటి పదార్థాలు. కాలిన పైపొరలో అవి విచ్ఛిన్నమై ఎక్కువగా కార్బన్ మిగులుతుంది. అది వాటికి తిండి కాదు. పైగా బొగ్గు మంచి ఉష్ణవాహకం కాదు గనుక వేడి లోపలికి మెల్లగా పోతుంది. అలాగని ఈ పలక నిప్పుకు అంటుకోదనుకోకండి! బొగ్గుపొర బీటలిస్తే లోపలి చెక్కకు చెమ్మా తగులుతుంది, చెదా పడుతుంది.

టెరునోబు ఫుజిమొరి అనే వాస్తుశిల్పి 2007లో నగానోలో ఇలాంటి పలకలతోనే ఒక ఇల్లు కట్టారు.

పొయ్యిలో సగం కాలి, పూర్తిగా చల్లారిన కట్టెను గీకి చూడండి. నలుపు ఎంత లోతుకు దిగిందో, చెక్క ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది.