సగము కట్టిన నౌక

హైదరాబాదు నగరమున అమీర్‌పేట నిత్యము జనసమ్మర్దముతో నుండు ప్రదేశము. మైత్రీవనము చుట్టునుగల వీధులలో కంప్యూటరు విద్య నేర్పు సంస్థల పేరుపలకలు ఒకదానిపై నొకటి వ్రేలాడుచుండును. దూరపు జిల్లాలనుండి వచ్చిన యువకులు అచట చదువుకొని, ఉద్యోగములకును, పై చదువులకును దేశదేశములకు పోవుచుందురు. ఆ వీధుల వెనుక నొక సందులో, ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తల్లిదండ్రులతో నివసించుచుండెను.

అతని తల్లికి తండ్రియైన వృద్ధునకు పంజాగుట్టలో గడియారములు బాగుచేయు చిన్న దుకాణము కలదు. మెట్రో రైలులో అమీర్‌పేటకు తరువాతి స్టేషనే పంజాగుట్ట. సెలవు వచ్చినచో బాలుడు తాత దుకాణమునకు పోయి, ఆయన కంటికి భూతద్దము తగిలించుకొని పనిచేయుచుండగా ప్రక్కనే కూర్చుండి చూచెడివాడు.

ఒక యేడు దసరా పండుగకు తాతగారి యిల్లు దులుపుచుండగా, అటకపై నొక అట్టపెట్టె కనబడెను. పెట్టెపై నక్షత్రముల నడుమ ఎగురుచున్న తెల్లని నౌక బొమ్మ యుండెను. లోపల ప్లాస్టిక్ భాగములును, మడతలుపడిన సూచనల కాగితమును, ఎండిపోయిన జిగురుగొట్టమును ఉండెను. కొన్ని భాగములు అప్పటికే అతికింపబడి, రంగు వేయబడి యుండెను.

“తాతయ్యా! ఇది ఎవరిది?” అని బాలుడు అడిగెను.

“మీ పెద్దమామయ్యది” అని పలికి తాత కొంతసేపు ఊరకుండెను.

పెద్దమామయ్య 1988లో పై చదువునకై అమెరికా వెళ్లెను. 1990 వేసవిలో ఇంటికి వచ్చినపుడు ఈ పెట్టెను వెంట తెచ్చి, సగము కట్టి, “మిగిలినది వచ్చే యేడు పూర్తిచేసెదను” అని అటకపై పెట్టి వెళ్లెను. ఆ యేడు అతడు రాలేదు. ఆ శీతకాలముననే అచట జరిగిన రోడ్డు ప్రమాదమున మరణించెను. బాలుడు ఆ మామయ్యను గోడమీది ఛాయాచిత్రమున మాత్రమే ఎరుగును.

“దీనిని నేను పూర్తిచేయుదునా తాతయ్యా?” అని బాలుడు మెల్లగా అడిగెను.

“చేయుము. కాని దుకాణములోనే, నా కన్నుల యెదుటనే చేయవలెను” అని తాత అనుమతించెను.

ఆ నౌక పేరు ఎంటర్‌ప్రైజ్. 1966 సెప్టెంబరు 8వ తేదీన అమెరికాలో ప్రసారము మొదలైన ‘స్టార్ ట్రెక్’ అను టెలివిజన్ కథామాలికలో అది నక్షత్రముల నడుమ సంచరించును. దాని రూపమును కల్పించినవాడు మాట్ జెఫ్రీస్ అను చిత్రకారుడు. పళ్లెము వంటి పై భాగము, దాని దిగువన గొట్టము వంటి దేహము, ఆ దేహమునుండి రెండు సన్నని ఊతలపై పైకి లేచిన రెండు యంత్రములు: ఇదియే ఆ నౌక ఆకారము. చిత్రీకరణకొరకు దాదాపు 11 అడుగుల పొడవుగల పెద్ద నమూనాను చెక్క, ప్లాస్టిక్, లోహపు రేకులతో నిర్మించిరి. 1966లోనే ఎ.ఎం.టి. అను సంస్థ పిల్లలు ఇంట కట్టుకొనుటకు తగిన చిన్న నమూనాను పెట్టెలో పెట్టి అమ్మకమునకు తెచ్చెను. అది పలుమారులు మరల వెలువడినది. మామయ్య తెచ్చినది అట్టి పెట్టెయే.

ఈ బొమ్మపెట్టెకు ఒక వింత చరిత్ర కలదు. 1967లో ఆ కథామాలికలోని ఒక భాగమునకు, శత్రుయంత్రము చేతిలో దెబ్బతిన్న మరియొక నౌక కావలసివచ్చెను. అప్పుడు వారు ఈ బొమ్మనే కట్టి, 1701 అను సంఖ్యలోని అంకెలనే తారుమారుచేసి 1017గా అతికించి, గాయపరచి చిత్రీకరించిరి. పిల్లలు కట్టు బొమ్మయే తెరపై నౌకగా నిలిచెను.

అయినను ఆ బొమ్మ పెద్ద నమూనాకు సరియైన ప్రతిరూపము కాదు. బాలుడు చిత్రములను ముందుంచుకొని దాని లోపములను వెదకసాగెను. తాత అతని చేతికి ఒక నోటుపుస్తకము నిచ్చి, “నాయనా! ఆగిన గడియారమును తెచ్చినవానితో నేను మొదట మాటలాడుదును. అది ఎప్పుడు ఆగినది, ఎట్లు ఆగినది అని తెలిసికొందును. మూత తెరచుట ఆ తరువాతి పని. నీవును మొదట కొలిచి వ్రాయుము; పిమ్మట చేయి పెట్టుము” అని చెప్పెను.

బాలుడు లెక్క కట్టెను. కథలో ఆ నౌక పొడవు 947 అడుగులు, అనగా దాదాపు 289 మీటర్లు. దానిని 650వ వంతునకు తగ్గించినచో 44 సెంటీమీటర్లకు కొంచెము పైన వచ్చును. కొలబద్ద పెట్టి చూడగా భాగములు ఆ లెక్కకు దగ్గరగానే యుండెను. పొడవున తప్పు లేదు. తప్పులు రూపముననే కలవు. దిగువ దేహము వంపు సరిగా లేదు. యంత్రములను మోయు ఊతలు బలహీనములు; కట్టిన కొన్నాళ్లకే యంత్రములు వాలిపోవును. పెద్ద నమూనాలో పళ్లెముపై పెన్సిలుతో సన్నగా గీసిన గీతలు, ఈ బొమ్మలో లోతైన గాడులుగా ఉన్నవి.

“ఇంత కొలుచుట అవసరమా తాతయ్యా?” అని బాలుడు విసుగు చెందగా తాత నవ్వెను. “అమీర్‌పేటకు చేరువనే, బేగంపేటలో నిజామియా వేధశాల యుండెడిది. 1901లో నవాబు జఫర్ జంగు దానిని స్థాపించెను. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రముల పట్టిక వ్రాయవలెనని పెక్కుదేశముల వారు పని పంచుకొనిరి. అందు మన వేధశాలకును ఒక భాగము వచ్చెను. అచటివారు 1914 నుండి 1929 వరకు గాజుపలకలపైని చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచిరి. నీకు ఒక్క నౌకయే కదా!” అనెను. బాలుడు సిగ్గుపడి మరల కొలబద్ద తీసికొనెను.

పిమ్మట పని ప్రారంభమయ్యెను. అచ్చునుండి వచ్చిన ప్లాస్టిక్‌పై నూనెజిడ్డు ఉండును. అది యున్నచో రంగు అంటదు. కావున భాగములను సబ్బునీట కడిగి ఆరబెట్టెను. ఊతలలో సన్నని గాడి తీసి, అందు ఇత్తడి గొట్టము నిమిడ్చి, పైన లప్పము పూసెను. అది గట్టిపడిన పిదప నీటిలో తడిపిన ఉప్పుకాగితముతో, మొదట గరుకైనదానితోను, తరువాత సన్ననిదానితోను రుద్ది నునుపుచేసెను. రెండు యంత్రములును సమానముగా నిలుచుటకు అట్టతో ఒక మూస చేసి, జిగురు ఆరువరకు రాత్రి యంతయు అందే ఉంచెను.

యంత్రముల ముందు దీపములు వెలుగవలెనని అతని కోరిక. కోఠిలోని గుజరాతీ గల్లీకి పోయి రెండు నారింజరంగు ఎల్.ఇ.డి. దీపములను కొనితెచ్చెను. ఒక్కొక్క దీపమునకు దాదాపు 2 వోల్టులు చాలును. రెండును వరుసగా కలిపినచో 4 వోల్టులు. బ్యాటరీ 9 వోల్టులది. మిగిలిన 5 వోల్టులను అడ్డుకొని, 10 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తునే పోనిచ్చుటకు 500 ఓముల నిరోధకము కావలెను. అంగడిలో దానికి దగ్గరగా 470 ఓములది దొరకెను. తీగలను ఇత్తడి గొట్టముల గుండా క్రిందికి దింపి, బ్యాటరీని పీటములో దాచెను. మందుబిళ్లల రేకునుండి కత్తిరించిన పారదర్శకపు బుడిపెలు దీపములకు గుమ్మటము లయ్యెను. మీట నొక్కగా రెండు దీపములును వెలిగెను. ఆనాడు తాత దుకాణమును అరగంట ముందుగా మూసి, మనుమనికి మిఠాయి కొనిపెట్టెను.

ఆ విజయముతో బాలునికి గర్వము కలిగెను. ఇక పళ్లెము మిగిలెను. అది మామయ్య చేతి పని. రెండు పలకలను అతికించి, బూడిదరంగు వేసి, సంఖ్యను అంటించినది అతడే. రంగు ఎగుడుదిగుడుగా నుండెను. సంఖ్య కొంచెము ప్రక్కకు ఒరిగి యుండెను. అంచున, అతుకు ప్రక్కన, ఒక మచ్చ కూడ కలదు. “గాడులను పూడ్చి, రంగు గీకివేసి, క్రొత్త సంఖ్య అంటించినచో నౌక దోషరహిత మగును” అని బాలుడు తలచెను.

ఒక మధ్యాహ్నము తాత భోజనమునకు పోయియుండగా, బాలుడు ఉప్పుకాగితము తీసికొని ఆ మచ్చపై రుద్దసాగెను. ఆరేడు మారులు రుద్దిన పిమ్మట దుమ్ము తుడిచి, ఎంత పోయినదో చూచుటకు తాత భూతద్దమును కంటికి పెట్టుకొనెను. అతని చేయి ఆగిపోయెను. అది మచ్చ కాదు. సన్నని వంపుగీతలు ఒకదాని వెనుక నొకటి అందు కనబడుచుండెను.

ప్లాస్టిక్ బొమ్మలను అతికించు జిగురు గోందు వంటిది కాదు. అది ప్లాస్టిక్‌నే కొంత కరగించి, రెండు ముక్కలను ఒకటిగా చేయును. కరగి మెత్తనైన చోట వ్రేలు తగిలినచో, ఆ వ్రేలి గీతలు ప్లాస్టిక్‌లో అచ్చుపడి, ఆరిన పిమ్మట చెరగక నిలుచును. 1990 వేసవిలో మామయ్య బొటనవ్రేలు అచట తగిలెను. మూడు దశాబ్దములు దాటినను అది అట్లే యుండెను. ఇప్పుడు అందులో సగము లేదు.

తాత వచ్చునప్పటికి బాలుడు పళ్లెమును ఒడిలో పెట్టుకొని కదలక కూర్చుండి యుండెను. ఏమి జరిగినదో చెప్పుటకు అతనికి మాట రాలేదు, భూతద్దమును చేతికిచ్చెను. తాత దానిని తీసికొని చాలసేపు చూచెను. ఆయన మనుమని మందలింపలేదు. పళ్లెమును మెత్తని గుడ్డపై పెట్టి, “ఈ పూటకు పని చాలును నాయనా” అని మాత్రము పలికెను.

ఆ రాత్రి బాలునికి నిద్ర పట్టలేదు. తప్పును సరిదిద్దుట తప్పెట్లగును అని అతడు ఆలోచించెను. కొన్ని దినములకు అతడు చదివిన ఒక విషయము ఆ చిక్కును విప్పెను. చిత్రీకరణకు వాడిన ఆ పెద్ద నమూనా 1974లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరెను. పలుమారులు దానికి మరమ్మతులు జరిగెను. 1991లో వేసిన క్రొత్త రంగులును, గీతలును పాతవానికి భిన్నముగా నున్నవని పలువురు ఆక్షేపించిరి. 2014లో ఆ సంస్థవారు మరల పని చేపట్టి, మొదట దానిని ఎక్స్‌రేలతో పరీక్షించిరి; పాత ఛాయాచిత్రములను సేకరించి పోల్చిరి. తక్కిన భాగములకు 1967 నాటి రూపమును తిరిగి తెచ్చిరి. లోపల క్రొత్త దీపములు అమర్చిరి. కాని పళ్లెము పైభాగమున 1960ల నాటి రంగే మిగిలియుండెను గనుక దానిని చెరపక కాపాడిరి. నౌక ఎడమ ప్రక్కకు ఆనాడు అలంకారము లేదు. తీగలు లోనికి పోయినది ఆ వైపుననే గనుక చిత్రీకరణయంతయు కుడివైపునుండి జరిగెను. 2016లో ఆ నమూనా ప్రదర్శనశాలలో మరల కొలువుదీరెను.

బాలుడు మరునాడు నోటుపుస్తకము తెరచి, లోపముల పట్టికను రెండుగా విభజించెను. ఒక వైపున ‘బాగుచేయవలసినవి’ అనియు, రెండవ వైపున ‘ఉంచవలసినవి’ అనియు వ్రాసెను. వాలు ఊతలు, దిగువ దేహము వంపు మొదటి వరుసలో చేరెను. పళ్లెము గాడులు, ఎగుడుదిగుడు రంగు, ఒరిగిన సంఖ్య, సగము మిగిలిన వ్రేలిముద్ర రెండవ వరుసలో చేరెను. తాత ఆ పుటను చదివి, పెన్ను తీసికొని, రెండవ వరుస చివర ‘మనుమడు రుద్దిన గీతలు’ అని తానే వ్రాసెను.

“అవి ఎందుకు తాతయ్యా? అవి నా తప్పు కదా!”

“తప్పే. కాని దానిని పూడ్చినచో మిగిలిన సగము కూడ పోవును. నీ చేయి ఎచట ఆగినదో అది చెప్పును. ఉండనిమ్ము” అని తాత పలికెను.

సంక్రాంతి నాటికి నౌక పూర్తియయ్యెను. తాత దానిని దుకాణమున గోడగడియారముల నడుమ అద్దపు బీరువాలో నిలిపెను. సాయంకాలము యంత్రదీపములు వెలుగుచుండగా వచ్చినవారు ఆగి చూచెదరు. ఒకనాడు ఆ కథామాలికను బాగుగా ఎరిగిన యువకుడొకడు అద్దమునకు ముఖము చేర్చి చూచి, “యంత్రములు చాల చక్కగా నిలిపినారు. కాని పైని సంఖ్య వంకరగా నున్నది, సరిచేయరాదా?” అనెను.

“తెలియును బాబూ. అది మా అబ్బాయి అంటించినది” అని చెప్పి తాత భూతద్దము తగిలించుకొని తన పనిలో నిమగ్నుడయ్యెను. ప్రక్కన బాలుడు మీట నొక్కెను, దీపములు వెలిగెను.