చలిలో పొద్దున్నే పరుగెత్తడం ఎలా?

 

పోయినసారి గోడపత్రికలో పరిశుభ్రత గురించి రాశారు. ఈసారి వంతు నాది. నేను పరుగు గురించి రాస్తున్నాను. ఎందుకంటే నవంబరులో పొద్దున్న గ్రౌండుకి 26 మందిమి వెళ్ళేవాళ్ళం. మొన్న సోమవారం లెక్కపెట్టాను. అయిదుగురం ఉన్నాం. అందులో ఒకామె దుప్పటి కప్పుకునే వచ్చింది, కాబట్టి నాలుగున్నర అనుకోవాలి. సంక్రాంతి సెలవుల తర్వాత ఆటల పోటీలు ఉన్నాయి. ఇలాగైతే మనం ఏం గెలుస్తాం?

ముందు చలి గురించి తెలుసుకుందాం. మన ఏజెన్సీ ఎత్తు మీద ఉన్నది. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట ఉండిపోతే మనిషి కర్రలాగ బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంట. పైకి వెళ్ళేకొద్దీ కిలోమీటరుకి ఇంచుమించు 6 డిగ్రీల వేడి తగ్గుతుందని సాంఘిక శాస్త్రంలో చదివాం కదా. అదీ గాక మబ్బు లేని రాత్రి నేలలో వేడి అంతా ఆకాశంలోకి పోతుంది. చల్లగాలి బరువుగా ఉంటుంది, అది నీళ్ళలాగే పల్లంలోకి దిగుతుంది. మన గ్రౌండు పల్లంలోనే ఉంది! అందుకే డార్మెట్రీ మెట్ల దగ్గర కన్నా గోలుపోస్టు దగ్గర చలి ఎక్కువ. నేను ఊరికే చెప్పడం లేదు, నడిచి చూడండి.

ఇంకొక విషయం. అన్నిటికన్నా ఎక్కువ చలి అర్ధరాత్రి కాదు. తెల్లవారేటప్పుడు, సూర్యుడు వచ్చే వేళకి ఉంటుంది. రాత్రంతా నేల చల్లబడుతూనే ఉంటుంది కాబట్టి. మనల్ని విజిలు వేసి లేపేది సరిగ్గా ఆ టైములోనే.

ఇప్పుడు మన ఒంట్లో ఏం జరుగుతుందో చెప్తాను. మన ఒంటి లోపల వేడి సుమారు 37 డిగ్రీలు ఉండాలి. చలి తగలగానే చర్మం కింద ఉన్న సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేడి బయటికి పోకుండా. అందుకే వేళ్ళు మొద్దుబారతాయి. అది చాలకపోతే కండరాలు వాటంతట అవే కదిలి వేడి పుట్టిస్తాయి. వణుకు అంటే అదే. వణుకు వస్తే పిరికితనం అని నవ్వకండి, ఒళ్ళు తన పని తాను చేసుకుంటుంది. పరుగెత్తినప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పావు వంతు వేడిగానే మారుతుంది. కాబట్టి పరుగు మొదలుపెడితే చలి దానంతటదే పోతుంది. పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలే కష్టం. ఇంక మిగతాది ఏమీ లేదు.

నేను మొదట్లో ఏమనుకునేదాన్నంటే, ఇష్టం పుడితే లేస్తాము అని. రగ్గులో పడుకుని ఇష్టం కోసం చూసేదాన్ని. అది రాలేదు. రగ్గులో ఇష్టం పుట్టదు! లేచి కదిలిన తర్వాత, రెండో రౌండులో చెవులు వేడెక్కినప్పుడు పుడుతుంది. అందుకని నేను ఇప్పుడు "పరుగెత్తుతాను" అని అనుకోవడం లేదు. "మెట్ల దాకా వెళ్తాను, అయిదు నిమిషాలు నడుస్తాను, బాగోకపోతే వచ్చేస్తాను" అనుకుంటాను. డిసెంబరు నెల మొత్తంలో నేను అలా వెనక్కి వచ్చేసింది రెండుసార్లే. ఒకసారి జ్వరం. ఒకసారి నిజంగా బద్ధకం, ఒప్పుకుంటున్నాను.

రాత్రే పరుగు బట్టలు వేసుకుని పడుకోవచ్చు. బూట్లు మంచం కింద కాకుండా తలగడ పక్కన పెట్టుకోండి (సాక్సులు ఉతికి, లేకపోతే పక్కవాళ్ళు ఊరుకోరు). ఇద్దరిద్దరు జతగా ఉండాలి. ఒకరు లేవకపోతే రెండోవాళ్ళు రగ్గు లాగేయాలి. లేచాక గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసు తాగండి. చలికి దాహం వెయ్యదు గానీ చెమట, ఊపిరి ద్వారా నీళ్ళు పోతూనే ఉంటాయి. నోటితో గాలి పీల్చకుండా ముక్కుతో పీలిస్తే గాలి కొంచెం వేడెక్కి లోపలికి వెళ్తుంది, గొంతు మండదు. పరుగు అయ్యాక చెమట బట్టలతో కూర్చోవద్దు. తడి నూలు బట్ట వేడిని తొందరగా లాగేస్తుంది, అప్పుడే జలుబు చేసినట్టు ఒళ్ళంతా జివ్వుమంటుంది.

రోడ్డు మీదికి మాత్రం వెళ్ళకండి. గ్రౌండులో గడ్డి తడిగా ఉందని ఇద్దరు ముగ్గురు రోడ్డు మీద పరుగెత్తుతున్నారు. ఈ రోజుల్లో మంచు చూడ్డానికి లంబసింగికి వచ్చే కార్లు, వ్యాన్లు తెల్లవారక ముందే తిరుగుతాయి. పొగమంచులో మనం వాళ్ళకి కనిపించం. వాళ్ళు మనకి దగ్గరికి వచ్చేదాకా కనిపించరు.

మాలావత్ పూర్ణ అక్క గురించి మీకు తెలుసు. ఆమె గిరిజన అమ్మాయి, నిజామాబాద్ జిల్లా పాకాల ఊరు, మనలాగే గురుకులంలో చదివినది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకి 13 ఏళ్ళ 11 నెలలు. అంటే నా కన్నా చిన్న. ఎక్కక ముందు లడఖ్ చలిలో శిక్షణ తీసుకుంది. ఆ చలి ముందు మన గ్రౌండు వంటగది లాంటిది.

కానీ నాకు పరుగెత్తేటప్పుడు పూర్ణ అక్క కన్నా మా అమ్మే ఎక్కువ గుర్తుకు వస్తుంది. నవంబరు నుంచి జనవరి దాకా మాకు కాఫీ పళ్ళు కోసే కాలం. పొద్దున్నే ఆకుల మీద మంచు అంతా మీద పడుతుంది, చీర తడిసిపోతుంది. అమ్మ చోడి అంబలి తాగి వెళ్ళిపోతుంది. "సలెయ్యదేటే అమ్మా?" అని అడిగితే, "చెయ్యి ఆడితే సలెక్కడిదే" అంటుంది. అమ్మ బడికి వెళ్ళలేదు. మా ఇంట్లో పుస్తకం పట్టుకున్నది నేనే మొదట. కండరాల వేడి గురించి పాఠం చదివాక నాకు అనిపించింది, ఇది అమ్మకి ముందే తెలుసు కదా అని.

ఇప్పుడు రాసేది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నా పక్క మంచం స్నేహితురాలిని అడిగాను. "రాయి, పేరు వద్దు" అంది. అందుకే రాస్తున్నాను.

ఏడో తరగతిలో ఆమె చలికాలంలో పరుగుకి వచ్చేది కాదు. "కాళ్ళు లాగేస్తన్నాయే, నాను రాలేను" అనేది. బద్ధకం అని అందరం అన్నాం. నేను జతగా ఉన్నాను కాబట్టి రగ్గు లాగేశాను. ఒకరోజు చెయ్యి పట్టుకుని గ్రౌండుకి లాక్కెళ్ళాను. రెండు రౌండ్లు తిరిగి కూలబడింది. ఆ రాత్రి మోకాళ్ళు, నడుము పట్టుకుని ఏడ్చింది. తర్వాత రక్తపరీక్షల క్యాంపులో తెలిసింది, ఆమెకి సికిల్ సెల్ జబ్బు ఉందని.

ఈ జబ్బులో గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలాగ వంగిపోతాయి. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుపోతాయి. అక్కడికి రక్తం అందక భరించలేని నొప్పి వస్తుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయని పైన రాశాను కదా, అందుకే వాళ్ళకి చలికాలం చెడ్డది. నీళ్ళు తక్కువ తాగినా, మితిమీరి అలిసిపోయినా నొప్పి రావచ్చు. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి దిష్టీ కాదు. అమ్మ నుంచి, నాన్న నుంచి ఇద్దరి నుంచీ వస్తే జబ్బు అవుతుంది. ఒకరి నుంచే వస్తే వాహకులు అంటారు, వాళ్ళు మామూలుగా బాగానే ఉంటారు. వాళ్ళు కూడా నీళ్ళు తాగుతూ, ఒంట్లో బాగోకపోతే ఆగిపోవాలి. మన గిరిజనుల్లో ఇది ఎక్కువగా ఉంది కాబట్టి 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో దీని నిర్మూలనకి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్ష చేయాలని అందులో పెట్టుకున్నారు. పరీక్షకి వేలి మీద సూది గుచ్చుతారు, అంతే. పోయినసారి బాత్రూములో దాక్కున్న వాళ్ళు ఎవరో నాకు తెలుసు, ఈసారి దాక్కోకండి.

కాబట్టి నేను జత గురించి రాసినదానికి ఒకటి కలపాలి. రగ్గు లాగే ముందు అడగాలి. "సలా, నొప్పా?" అని. చలి అంటే లాగేయండి. నొప్పి అంటే రగ్గు ఇంకొకటి కప్పి మేడం గారికి చెప్పండి.

వార్డెన్ మేడం గారికి, పి.ఈ.టి. మేడం గారికి ఒక మనవి. ఈ రోజుల్లో సూర్యుడు ఉదయించేది సుమారు 6-30కి. మన పరుగు 5-30కి, స్టడీ అవర్ 6-30కి ఉన్నాయి. ఈ రెండూ సంక్రాంతి వరకు మార్చితే బాగుంటుంది. స్టడీ అవర్ లోపల గదిలో రగ్గు కప్పుకుని కూడా చదవవచ్చు. పరుగు అలా కుదరదు. వెలుతురు వస్తే గడ్డిలో గుంటలు కూడా కనిపిస్తాయి. తప్పుగా అడిగితే క్షమించగలరు.

పరుగుకి వచ్చేవాళ్ళు జతలుగా పేర్లు ఇవ్వండి. నాకు గానీ, నా స్నేహితురాలికి గానీ చెప్పవచ్చు. ఆమె మందులు వాడుతున్నది, డాక్టరు గారు చలిలో పరుగు వద్దన్నారు. ఆమె ఎండ పడే మెట్టు మీద స్వెట్టరు, రగ్గుతో కూర్చుంటుంది, గడియారం ఆమె దగ్గరే ఉంటుంది. రౌండ్లు ఆమే రాస్తుంది. మూల కత్తిరించి పరుగెత్తితే లెక్క వెయ్యదు. నిన్న నావే రెండు కొట్టేసింది.

– 9వ తరగతి విద్యార్థిని, బి సెక్షన్